ఎముకల సంచీ మోసిన వైద్యుడు – ఆండ్రూ టేలర్ స్టిల్

నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తొక్కించుకోవడం, మెడ తిరగకపోతే ఊరిలో చేయి తిరిగిన పెద్దమనిషి దగ్గర పట్టు తీయించుకోవడం, చేయి విరిగితే బండి కట్టుకొని పుత్తూరు కట్టుకు పరుగెత్తడం సరిహద్దు పల్లెల కుటుంబాలకు తరతరాలుగా తెలిసిన సంగతులే. పుత్తూరు కట్టు కోసం తమిళనాడు నుండి, కర్ణాటక నుండి నేటికీ జనం వస్తూనే ఉన్నారు. చేతితో నొప్పిని తగ్గించే విద్య ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. అయితే ఆ విద్యను ఇంటి అరుగు మీది నుండి కళాశాల తరగతి గదిలోకి తీసికొనిపోయి, శరీరశాస్త్రాన్ని దానికి పునాదిగా వేసి, ఒక పేరు పెట్టి, చదివినవారికి పట్టా ఇచ్చిన మనిషి అమెరికాలోని ఒక మారుమూల పల్లెలో పుట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్. ఆ విద్యకు ఆయన పెట్టిన పేరు ఆస్టియోపతి. ఎముక, బాధ అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలు కలిసి ఏర్పడిన పదమది. పేరులో ఎముక ఉన్నది కదా అని అది విరిగిన ఎముకలను కట్టే వైద్యమని కొందరు పొరబడతారు. కండరాలు, కీళ్ళు, వెన్ను వీటి కదలికలో వచ్చిన ఇబ్బందిని చేతితో పట్టి చూసి, చేతితోనే సరిచేయ ప్రయత్నించడం దాని ప్రధాన లక్షణం.

స్టిల్ 1828 ఆగస్టు 6వ తేదీన వర్జీనియా రాష్ట్రంలోని లీ కౌంటీలో ఒక కొయ్యదుంగల గుడిసెలో జన్మించారు. తండ్రి ఏబ్రమ్ స్టిల్ మెథడిస్టు సంఘపు బోధకుడు. గుర్రమెక్కి ఊరూరా తిరిగి ప్రార్థనలు జరిపించేవాడు. ఆ తిరుగుళ్ళలోనే రోగులకు మందులిచ్చే వైద్యుడు కూడా. తల్లి మార్తా. తొమ్మిదిమంది సంతానంలో ఆండ్రూ మూడవవాడు. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా కుటుంబం మూటాముల్లె సర్దుకొని కదిలేది. 1834లో టెనెసీకి, 1837లో మిసోరీకి తరలిపోయింది. అప్పటి మిసోరీ దాదాపు అడవి. బడి ఉన్నన్ని రోజులు బడి, లేనన్ని రోజులు వేట. ఉడుతను, జింకను కొట్టి తెచ్చి చర్మం ఒలిచేటప్పుడు కండ ఎక్కడ ఎముకను అంటుకొని ఉన్నదో, నరం ఏ దారిన పోతున్నదో ఆ పిల్లవాడు కళ్ళారా చూశాడు. తరువాతి కాలంలో ఆయన తన తొలి శరీరశాస్త్ర పాఠశాల ఆ అడవేనని చెప్పుకొనేవారు.

ఆండ్రూకు పదేళ్ళ ప్రాయంలో తరచు తలనొప్పి వచ్చేది. ఒకనాడు నొప్పి భరించలేక, రెండు చెట్లకు కట్టిన ఉయ్యాల తాడును నేలకు జానెడు ఎత్తు వరకు దించి, దాని మీద దుప్పటి మడత వేసి, మెడ వెనుక భాగం తాటి మీద ఆనేటట్లు వెల్లకిల పడుకున్నాడు. కొద్దిసేపటికే నిద్ర పట్టింది. లేచేసరికి తలనొప్పి లేదు. అప్పటినుండి తల పగిలిపోతున్నట్లు అనిపించినప్పుడల్లా ఆ తాడే మందు. పుర్రె అడుగున, మెడ పైభాగాన ఉండే చిన్న చిన్న కండరాలు బిగుసుకొన్నప్పుడు తలనొప్పి వస్తుందనీ, అక్కడ నిదానంగా ఒత్తిడి పెడితే ఆ బిగువు సడలుతుందనీ నేటి ఆస్టియోపతి విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఆ పిల్లవాడికి అదేమీ తెలియదు. నొప్పి పోయిందన్న సంగతి ఒక్కటే తెలుసు.

ఆ రోజులలో మందులంటే ఏమిటో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. జ్వరమొచ్చినా, విరేచనాలు పట్టినా, కడుపు నొచ్చినా వైద్యుని సంచిలోంచి వచ్చేది కాలోమెల్ అనే పాదరసపు లవణం. నోటినుండి లాలాజలం ధారగా కారేవరకు దానిని మింగించేవారు. అలా కారితేనే మందు పనిచేస్తున్నదని నమ్మకం. బాల్యంలో ఆండ్రూకూ ఆ వైద్యం జరిగింది. దాని ఫలితంగా పళ్ళు కదిలి, జీవితాంతం కట్టుడు పళ్ళతో గడపవలసి వచ్చింది. దీనికి తోడు రక్తం తీయడం, వాంతులు చేయించడం, నల్లమందు, సారాయి. మందుల మీద ఆయనకు కలిగిన ద్వేషాన్ని ఈనాటి మందుల దుకాణాన్ని చూసి అంచనా వేయకూడదు. అప్పటి మందుల సంచిని చూసి అంచనా వేయాలి.

ఏబ్రమ్ స్టిల్ బానిసత్వానికి బద్ధ వ్యతిరేకి. మిసోరీ బానిసల రాష్ట్రం. 1844లో మెథడిస్టు సంఘం ఈ ప్రశ్న మీదనే ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీలిపోయింది. దక్షిణ వర్గంలో చేరడానికి ఏబ్రమ్ అంగీకరించలేదు. అక్కడ నిలవడం కష్టమైపోయి, 1851లో కాన్సాస్ ప్రాంతంలో షానీ తెగవారి మధ్య ఉన్న మిషన్‌కు వెళ్ళిపోయాడు. 1849లో మేరీ వాన్‌ను వివాహమాడిన ఆండ్రూ కూడా 1853లో తండ్రిని అనుసరించాడు. అక్కడ పగలు పొలం దున్నడం, పిలుపు వస్తే తండ్రితోపాటు రోగులను చూడడం. వైద్యం నేర్చుకొనడానికి ఆనాడు అత్యధికులు అనుసరించిన మార్గం అదే. గురువు వెంట తిరిగి, గురువు పుస్తకాలు చదివి, గురువు చేసినట్లు చేయడం.

చదువు చాలడం లేదని ఆండ్రూ స్టిల్‌కు తెలుసు. మనిషి శరీరం లోపల ఏమున్నదో చూడాలి. చూడడానికి శవం దొరకదు. అప్పుడాయన ఆదివాసుల శ్మశానాలలో పాతిపెట్టిన శవాలను తవ్వి తీసి, ఎముకలను ఇంటికి తెచ్చుకొని అధ్యయనం చేశారు. ఈ సంగతిని ఆయన తన ఆత్మకథలో దాచలేదు, సిగ్గుపడనూ లేదు. తమను నమ్మి మిషన్ ప్రక్కన బ్రతుకుతున్న ఒక తెగ మృతుల విషయంలో జరిగిన ఈ అపచారాన్ని శాస్త్రం పేరు చెప్పి మాఫీ చేయనక్కరలేదు. ఆస్టియోపతి పునాదిలో ఆ ఎముకలు కూడా ఉన్నాయన్నది సత్యం.

కాన్సాస్ అప్పుడు రక్తసిక్తంగా ఉండేది. కొత్త రాష్ట్రంలో బానిసత్వం ఉండాలా వద్దా అన్న వివాదం తుపాకులతో సాగింది. స్టిల్ బానిసత్వాన్ని వ్యతిరేకించే పక్షాన నిలిచి, 1857లో ప్రాంతీయ శాసనసభకు ఎన్నికయ్యారు. 1859లో భార్య మేరీ ప్రసవానంతరం మరణించింది. మరుసటి సంవత్సరం మేరీ ఎల్విరా టర్నర్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నారు. ఈ ఇల్లాలు యాభై ఏళ్ళపాటు ఆయన కష్టాలన్నింటినీ పంచుకొన్నది. 1861లో అంతర్యుద్ధం రాగా స్టిల్ ఉత్తరాది పక్షాన కాన్సాస్ అశ్వికదళంలో చేరి, సైనిక ఆసుపత్రి పనులు చూశారు. తరువాత స్థానిక సేనలో మేజరు స్థాయికి ఎదిగారు. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులలో ఎందరో సారాయికి, మార్ఫీనుకు బానిసలైపోవడం ఆయన చూశారు. నల్లజాతివారిని బానిసత్వం నుండి విడిపించిన యుద్ధం తన తోటి సైనికులను మరొక బానిసత్వానికి అప్పగించినట్లు ఆయనకు తోచింది.

ఆయన జీవితాన్ని రెండుగా విడదీసిన సంఘటన యుద్ధభూమిలో జరగలేదు, స్వగృహంలో జరిగింది. 1864 ఫిబ్రవరిలో మెదడువాపు జ్వరం ఆ ప్రాంతాన వ్యాపించింది. వైద్యశాస్త్రంలో దానిని మెనింజైటిస్ అంటారు. మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలకు సోకే వ్యాధి అది. స్టిల్ ఇంట ముగ్గురు బిడ్డలకు ఆ జ్వరం సోకింది. ఇద్దరు సొంత బిడ్డలు, ఒకరు పెంచుకొన్న బిడ్డ. తాను వైద్యుడయ్యుండి, తన చేతి మీద నమ్మకం ఉంచుకోక, తెలిసిన ఇతర వైద్యులను పిలిపించారు. వారు రాత్రింబవళ్ళు ప్రక్కనే కూర్చున్నారు. తమకు తెలిసిన మందులన్నీ ఇచ్చారు. బోధకులు వచ్చి ప్రార్థనలు చేశారు. ముగ్గురూ చనిపోయారు. వైద్యులు నిర్లక్ష్యం చేయలేదని స్టిల్‌కు తెలుసు. తెలిసినదంతా చేసినా బిడ్డలు బ్రతకలేదంటే ఆ తెలిసినదానిలోనే లోపమున్నదని ఆయన నిశ్చయించుకొన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. మెనింజైటిస్‌ను నయం చేయగల మందులు ఆనాటికి లోకంలోనే లేవు. 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చిన తరువాతనే ఆ వ్యాధికి గురైన పిల్లలలో ఎక్కువమంది బ్రతికి బయటపడడం మొదలైంది. అంటే స్టిల్ బిడ్డలను రక్షించగలిగినది చివరకు మందే. కాని ఆ మందు ఇంకా డెబ్బై ఏళ్ళ దూరాన ఉన్నది. ఆ తండ్రి ముందున్నది మాత్రం పాదరసమూ, నల్లమందూను.

ఆ తరువాత పదేళ్ళపాటు ఆయన ఎముకలతోనే కాపురం చేశారన్నా అతిశయోక్తి కాదు. కళ్ళు మూసుకొని చేతికి ఏ ఎముక ఇచ్చినా అది ఎక్కడిదో, కుడివైపుదో ఎడమవైపుదో చెప్పగలిగేవారట. స్వభావరీత్యా ఆయన యంత్రాలంటే ఇష్టపడేవారు. రంపపు మిల్లు నడిపారు. వెన్న తీసే కవ్వపు యంత్రాన్ని మెరుగుపరచారు. శరీరాన్నీ ఆయన యంత్రంగానే చూశారు. చక్రం ఇరుసులో సరిగా కూర్చోకపోతే బండి నడవదు. ఒక కీలు సరిగా కదలకపోతే దాని చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది, రక్తప్రసారం మందగిస్తుంది, నరం నలుగుతుంది. అడ్డు తొలగిస్తే శరీరం తనను తానే బాగుచేసుకొంటుంది. రక్తం నిరాటంకంగా ప్రవహించడమే ఆరోగ్యానికి మూలమని ఆయన సిద్ధాంతం. 1874 జూన్ 22వ తేదీ ఉదయం ఈ ఆలోచన తనకు స్పష్టమైనదని ఆయన చెప్పుకొనేవారు. అందుచేత ఆ తేదీని ఆస్టియోపతి జన్మదినంగా పాటిస్తారు.

స్పష్టమైన ఆలోచన ఆయనకు సంతోషాన్ని ఇచ్చిందేమో గాని, అన్నం పెట్టలేదు. బాల్డ్విన్ పట్టణంలోని బేకర్ విశ్వవిద్యాలయానికి స్టిల్ సోదరులు భూమి ఇచ్చారు, కట్టడానికి సాయపడ్డారు. తన కొత్త పద్ధతిని అక్కడ వివరించడానికి అనుమతి కోరితే తలుపులు తెరుచుకోలేదు. చేతులు వేసి రోగం తగ్గిస్తాననడం దైవదూషణ అని బోధకులు అన్నారు. మతి చలించిందని బంధువులు అన్నారు. చేసేది లేక మిసోరీలోని మేకన్‌కు, అక్కడినుండి 1875లో కిర్క్స్‌విల్ అనే చిన్న పట్టణానికి చేరారు. కొంతకాలానికి భార్య, పిల్లలు వచ్చి కలిశారు.

మేకన్‌లో జరిగిన ఒక సంఘటనను ఆయన జీవితాంతం తలచుకొనేవారు. వీధిలో ఒక పేదరాలు పిల్లలతో నడిచిపోతున్నది. నాలుగేళ్ళ బాలుడు రక్తవిరేచనాలతో నీరసించిపోయి ఉన్నాడు. స్టిల్ ఆ బిడ్డను ఎత్తుకొని వీపు నిమిరితే నడుము వేడిగా, పొట్ట చల్లగా తగిలింది. వెన్నుకు ఇరువైపులా బిగుసుకొన్న కండరాలను నిదానంగా సడలించి పంపారు. మరునాడు తల్లి వచ్చి బిడ్డ కోలుకున్నాడని చెప్పింది. ఊరిలో ఆ జబ్బు ఇంకా ఉన్నది కనుక మరికొందరు వచ్చారు. ఈ కథ నిజమే కావచ్చు. కాని రక్తవిరేచనాలు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయన్న సంగతిని స్టిల్ లెక్కలోకి తీసికోలేదు. ఆయనలోని గొప్ప లోపం ఇదే. చేతితో ముట్టుకొన్న తరువాత తగ్గినదెల్లా చేతివల్లనే తగ్గిందని నమ్మేవారు.

కిర్క్స్‌విల్‌లో మొదటి సంవత్సరాలు దుర్భరం. 1876లో టైఫాయిడ్ వచ్చి చాలాకాలం మంచాన పడ్డారు. లేచిన తరువాత ఊరూరా తిరిగి రోగులను చూశారు. ప్యాంటు ఒక కాలు బూటులోకి దోపి, ఒక కాలు బయట వదిలి, చేతికర్రతో, భుజాన ఎముకల సంచీతో వీధిలో నడిచే ఆ పొడుగాటి మనిషిని చూసి పిల్లలు నవ్వేవారు, పెద్దలు తప్పుకొని పోయేవారు. ఎవరైనా ఆగి అడిగితే చాలు, సంచిలోంచి వెన్నుపూసలు తీసి అక్కడికక్కడే పాఠం చెప్పేవారు. ఒకప్పుడు అయస్కాంత వైద్యుడనీ, మరొకప్పుడు మెరుపువేగంతో ఎముకలు సరిచేసేవాడనీ ప్రకటించుకొన్నారు. ఆకలి ఎన్ని వేషాలైనా వేయిస్తుంది.

ఊరు మెల్లగా మారింది. నడవలేని తన కుమార్తెను అక్కడి పాస్టరుగారు చేతులమీద మోసుకొని తిరిగేవారనీ, ఆయన ఊరిలో లేని సమయంలో భార్య రహస్యంగా స్టిల్‌ను పిలిపించిందనీ, పాస్టరుగారు తిరిగివచ్చేసరికి ఆ అమ్మాయి మెట్లు దిగి ఎదురు వచ్చిందనీ కిర్క్స్‌విల్‌లో చెప్పుకొంటారు. అప్పటినుండి స్టిల్‌ను వెక్కిరించే ధైర్యం చాలామందికి లేకపోయిందట. ఇటువంటి కథలు ప్రతి హస్తవాసి గల వైద్యుని చుట్టూ అల్లుకొంటాయి. అయితే ఒక్క మాట. ఆయన దగ్గర నిజంగా మేలు పొందినవారిలో ఎక్కువమంది ఇటువంటివారే. నడుము వంగిపోయినవారు, భుజం ఎత్తలేనివారు, తుంటి పట్టినవారు, మెడ తిరగనివారు. పొలాలలో, గనులలో, రైలుమార్గాల పనులలో శరీరం అరిగిపోయిన జనం. వారికి వైద్యులు ఇచ్చేది మార్ఫీను. స్టిల్ ఇచ్చేది ఓపికతో పట్టి చూసే చేయి. 1880ల చివరికి కిర్క్స్‌విల్‌కు దూరప్రాంతాల నుండి రోగులు రావడం మొదలైంది. 1890లలో రోజూ వందలాదిమంది దిగుతుంటే పట్టణంలో హోటళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళు వెలిశాయి. ఒకప్పుడు వెలివేసిన ఊరే ఆయనవల్ల బ్రతకసాగింది.

1892లో అరవై నాలుగేళ్ళ వయస్సులో ఆయన అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతిని స్థాపించారు. రెండు గదుల చెక్క ఇల్లు, ఇరవై మందికి కాస్త అటూ ఇటూ విద్యార్థులు. ఎడింబరోలో చదివిన విలియం స్మిత్ అనే వైద్యుడు మొదట స్టిల్ మోసాన్ని బయటపెట్టాలని చూడవచ్చి, ఒక సాయంత్రమంతా మాట్లాడి, చివరకు అక్కడే ఉండిపోయి శరీరశాస్త్రం బోధించాడు. ఆ మొదటి తరగతిలోనే స్త్రీలు కూడా ఉన్నారు. స్త్రీలను చాలా వైద్య కళాశాలలు గడప త్రొక్కనీయని ఆ రోజులలో స్టిల్ వారిని పురుషులతో సమానంగా చేర్చుకొన్నారు. బానిసత్వాన్ని ఎదిరించిన ఇంటి బిడ్డకు అది సహజమే. సంస్థకు లభించిన అనుమతి ప్రకారం ఎం.డి. పట్టా ఇచ్చే అవకాశమున్నా, ఆయన దానిని వద్దని డి.ఓ. అనే కొత్త పట్టాను ఇచ్చారు. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఆయన శిష్యులు దశాబ్దాలపాటు న్యాయస్థానాల చుట్టూ తిరగవలసి వచ్చింది. అదే నిర్ణయం వల్ల ఆ విద్య ఇతర పద్ధతులలో కలిసి మాయమైపోకుండా నిలిచింది.

1896లో వెర్మాంట్ రాష్ట్రం ఆస్టియోపతికి మొట్టమొదట చట్టబద్ధత కల్పించింది. మిసోరీలో గవర్నరు ఒకసారి తిరస్కరించిన బిల్లు 1897లో చట్టమైంది. అదే ఏట స్టిల్ ఆత్మకథ వెలువడింది. 1901లో న్యూయార్క్ శాసనసభ్యుల ఎదుట ఆస్టియోపతి పక్షాన మాట్లాడినవారిలో టామ్ సాయర్ కథను వ్రాసిన మార్క్ ట్వెయిన్ కూడా ఉన్నారు. తన శరీరాన్ని ఏ వైద్యునికి అప్పగించుకోవాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ మనిషికి ఉండాలన్నది ఆయన వాదం. స్టిల్ కూడా ఆ పెద్ద రచయిత మాదిరిగానే మిసోరీ మట్టిలో పెరిగినవారు. ఇద్దరికీ హాస్యమన్నా, వైద్యుల డాంబికాన్ని ఎగతాళి చేయడమన్నా ఇష్టం.

కీర్తి వచ్చిన తరువాత కూడా ఆయన వేషం మారలేదు. నలిగిన కోటు, చేతికర్ర, బూటులోకి దోపిన ప్యాంటు అలాగే ఉన్నాయి. కాని మొండితనమూ మారలేదు. కళాశాలలో మందుల పాఠం చెప్పనిచ్చేవారు కాదు. టీకాలను కూడా ఆయన చాలాకాలం నమ్మలేదు. వెన్నును సరిచేసి సకల రోగాలనూ పోగొట్టవచ్చునన్న ఆయన ధీమా కాలపరీక్షకు నిలవలేదు. క్షయ, మశూచి, కలరా వంటి వ్యాధులు క్రిముల వల్ల వస్తాయని ఆయన కళ్ళ ముందే రుజువవుతున్నా, ఆ క్రిములకు చోటు దొరికేది రక్తప్రసారం చెడినచోటనే కదా అని వాదించేవారు. 1910లో అబ్రహం ఫ్లెక్స్‌నర్ అమెరికాలోని వైద్య కళాశాలలపై ప్రకటించిన ప్రసిద్ధ నివేదిక ఆస్టియోపతి కళాశాలలను తీవ్రంగా విమర్శించింది. ఆ విమర్శలో చాలాభాగం న్యాయమైనదే. ఆ సంవత్సరమే ఆయన భార్య మేరీ ఎల్విరా కన్నుమూసింది.

1917 డిసెంబరు 12వ తేదీన, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో, కిర్క్స్‌విల్‌లోనే స్టిల్ మరణించారు. అదే సంవత్సరం ఆయన శిష్యుడు జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ లండన్‌లో బ్రిటిష్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతిని నెలకొల్పాడు. అక్కడినుండి ఈ విద్య రెండు పాయలుగా ప్రవహించింది. అమెరికాలో గురువు కాదన్న మందులను శిష్యులు క్రమంగా చేపట్టి, పాఠ్యక్రమాన్ని సంపూర్ణ వైద్యవిద్యగా మార్చుకొన్నారు. నేడు అక్కడ డి.ఓ. పట్టా పొందినవారు ఎం.డి.లతో సమానంగా మందులు వ్రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. ఇంగ్లండులోను, ఐరోపాలోను ఆస్టియోపతి చేతివైద్యంగానే నిలిచింది. బ్రిటన్‌లో 1993లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్టియోపతి శిక్షణకు ఉండవలసిన కనీస ప్రమాణాలను ప్రకటించింది. మన పొరుగున ఒడిశాలో, కటక్ సమీపాన ఉన్న శ్రీశ్రీ విశ్వవిద్యాలయంలో ఈ విద్యలో పట్టా కోర్సులు ప్రవేశపెట్టారు. అందుచేత ఎవరైనా ఆస్టియోపతి వైద్యుడనని చెప్పినప్పుడు ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారని అడగడం మర్యాదకు భంగం కాదు.

స్టిల్ చేతిపని ఈనాటి రూపంలో ఎలా ఉంటుందో కొంత చెప్పుకోవాలి. వైద్యుడు మొదట నిలబెట్టి, నడిపించి, వంగమని చూస్తాడు. తరువాత వేళ్ళతో వెన్ను వెంబడి తడుముతూ ఎక్కడ కండరం గట్టిపడిందో, ఎక్కడ ముట్టుకొంటే నొస్తున్నదో, ఏ కీలు తన పరిధిలో పూర్తిగా తిరగడం లేదో గుర్తిస్తాడు. ఆపైన నిదానంగా సాగదీయడం, ఒత్తడం, కీలును మెల్లగా తిప్పడం. స్టిల్ తరువాతి తరాలవారు పెంపొందించిన ఒక పద్ధతిలో రోగి చేతనే పనిచేయిస్తారు. పట్టిన కండరంతో రోగి వైద్యుని చేతిని కొన్ని సెకన్లపాటు మెల్లగా నెట్టాలి. వైద్యుడు కదలనీయకుండా ఆపుతాడు. రోగి వదులు చేయగానే కండరం మునుపటికన్నా కొంచెం ఎక్కువ సాగుతుంది. అలా మూడు, నాలుగు పర్యాయాలు. ఇప్పుడు ఫిజియోథెరపీ నిపుణులు కూడా దీనిని విరివిగా ఉపయోగిస్తున్నారు. ఎముక తప్పిపోయి తిరిగి స్థానంలో కూర్చున్నదన్న పాత వివరణను నేటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. నొప్పికి భయపడి బిగుసుకొన్న కండరం సడలడం, నరాల వ్యవస్థ నొప్పిని గ్రహించే తీరు మారడం, కదలడానికి ధైర్యం రావడం దీనికి కారణాలని భావిస్తున్నారు.

ఫలితం ఎంత? 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వెలువడింది. నడుమునొప్పి గల 155 మందిలో కొందరికి మామూలు వైద్యం, కొందరికి ఆస్టియోపతి చికిత్స ఇచ్చారు. రెండు వర్గాలవారూ ఇంచుమించు సమానంగానే కోలుకొన్నారు. కాని ఆస్టియోపతి పొందినవారు నొప్పి మాత్రలు తక్కువగా వాడారు. 2021లో ఫ్రాన్సులో 400 మందిపై జరిగిన మరొక పరిశోధనలో, ఉత్తుత్తి చికిత్సతో పోల్చినప్పుడు అసలు చికిత్స వల్ల కలిగిన అదనపు మేలు స్వల్పమేనని తేలింది. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు 2016లో నడుమునొప్పికి చేతివైద్యాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే వాడుకోవచ్చునని సూచించాయి. రోజుకో మాత్ర మింగి నాట్లు వేసేవారికి, మూటలు మోసేవారికి ఆ మాత్ర ఒకటి తగ్గినా చిన్న సంగతి కాదు. నొప్పి మాత్రలు అదేపనిగా వాడితే మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి.

చేయి వేయకూడని సందర్భాలూ ఉన్నాయి. పడినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన వెన్నునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చే నొప్పి, ఎముకలు గుల్లబారిన వృద్ధుల నొప్పి ముందుగా ఆసుపత్రిలో చూపించుకోవలసినవి. నడుమునొప్పితోపాటు కాళ్ళలో పట్టు తప్పినా, తొడల నడుమ తిమ్మిరి పట్టినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అటువంటివారిని తొక్కించడం, మెడను విసురుగా తిప్పించడం ప్రాణాపాయం. నేటి ఆస్టియోపతి శిక్షణలో ఎవరికి చికిత్స చేయకూడదో గుర్తించడం కూడా ఒక పాఠం. ఆ పాఠం స్టిల్ చెప్పలేదు. ఆయన తప్పుల నుండి ఆయన శిష్యులు నేర్చుకొన్నారు.

1828లో స్టిల్ పుట్టిన కొయ్యదుంగల గుడిసెను ఆయన మరణానంతరం వర్జీనియా నుండి విడదీసి తెచ్చి కిర్క్స్‌విల్‌లో మళ్ళీ నిలబెట్టారు. ఆస్టియోపతి ప్రదర్శనశాలలో, విద్యార్థులు మొదట పాఠాలు విన్న చిన్న చెక్క ఇంటితోపాటు, అది నేటికీ ఉన్నది. ఆయన స్థాపించిన కళాశాల పెరిగి పెద్దదై ఇప్పుడు ఏ.టి. స్టిల్ విశ్వవిద్యాలయమనే పేరుతో నడుస్తున్నది. అందులో మందుల పాఠం ఒక ముఖ్యమైన పాఠ్యాంశం.